ఆమెను కూర్చోబెట్టమన్నాను

మా ముత్తాత వేల్పుచర్ల వీరరాఘవ బహద్దూర్ కృష్ణా జిల్లాలో పద్నాలుగు గ్రామాలకు జమీందారు. ఆయన కచేరీలో ఉంటే కరణాలు చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడేవారు. మా తాత రామచంద్ర బహద్దూర్ జిల్లా బోర్డు అధ్యక్షుడు. కలెక్టరు దొర మా ఇంటికి వచ్చి టీ తాగి వెళ్లేవాడు. మా నాన్న నరసింహ బహద్దూర్ నాటికి ఊళ్లు పోయాయి, వ్యాజ్యాల్లో దివాణం పోయింది, పేరు చివర బహద్దూర్ మాత్రం మిగిలింది. ఆయన ఢిల్లీ వచ్చి ఒక మంత్రిత్వశాఖలో అసిస్టెంటుగా చేరి, ఆర్.కె. పురం క్వార్టర్లో రెండు గదుల్లో ముప్పై ఏళ్లు ఉన్నాడు. పక్క క్వార్టర్ల వాళ్లు ఆయన్ని 'రాజా సాబ్' అని పిలిచి వెనక్కి తిరిగి నవ్వుకునేవారు. ఆయన నవ్వు పట్టించుకోలేదు. పిలుపు మాత్రం తనకు రావలసిందే అన్నట్టు తీసుకునేవాడు.

నేను ఆయన కొడుకుని. ఎడిటింగ్ నేర్చుకున్నాను, కొన్నాళ్లు డాక్యుమెంటరీలకు పనిచేశాను, ఆ తర్వాత ఇరవై రెండేళ్లు నోయిడాలో ఒక ప్రైవేటు ఫిల్మ్ సంస్థలో పాఠాలు చెప్పాను. కాగితం మీద నా ఉద్యోగం ఎడిటింగ్ అధ్యాపకుడు. నిజంగా చేసిన పని విద్యార్థులు తీసిన షార్ట్ ఫిల్ములు చూసి, అందరి ముందూ వాటి మంచీ చెడ్డా చెప్పడం. దాన్ని అక్కడ 'క్రిటిక్' అనేవారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు చదవాలని రాస్తున్నాను. నా హోదాలు, నా జీతం ఎవరికీ అక్కర్లేదు. షారోన్ అనే అమ్మాయి తీసిన పదకొండు నిమిషాల చిత్రం ఒకటి ఉండేది. ఇప్పుడు అది ప్రపంచంలో ఎక్కడా లేదు. అది లేకుండా చేసింది నేను, నాకు పని నేర్పిన పద్ధతి. ఆ పద్ధతి మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాలని కూడా నేను కోరుకోవడం లేదు.

రెండు నిమిషాలు

మా డీన్ మల్హోత్రా వాణిజ్య ప్రకటనలు తీసి వచ్చినవాడు. ముప్పై సెకన్లలో సబ్బు అమ్మిన మనిషికి పది నిమిషాల సినిమా చాలా పొడుగు. క్రిటిక్ రోజున ముందు వరసలో కూర్చుని ప్రొజెక్టర్ రిమోట్ తొడ మీద పెట్టుకునేవాడు. రెండు నిమిషాల్లో సినిమా పట్టుకోకపోతే ఆపేసేవాడు. ఆ ఆపిన బొమ్మ తెర మీద అలాగే ఉండగా అరగంట ఉపన్యాసం.

"బహద్దూర్ సాబ్, దో మినట్ మే ఫిల్మ్ అప్నీ జాత్ బతా దేతీ హై" అన్నాడు నాతో మొదటి రోజే. రెండు నిమిషాల్లో సినిమా తన జాతి ఏదో చెప్పేస్తుందట. ఆ మాట నాకు చాలా నచ్చింది. పుట్టుక చూసి మనిషిని కొలిచే ఇంట్లో పెరిగినవాణ్ణి, నచ్చకేం చేస్తుంది. మూడో ఏడు రిమోట్ నా చేతికి ఇచ్చాడు. అది నాకు దక్కిన గౌరవమనుకున్నాను.

రెండో పద్ధతి మౌనం. సినిమా తీసినవాళ్లు క్రిటిక్ అయ్యేదాకా నోరు విప్పకూడదు. ఇది చెడ్డ నియమం కాదు. లేకపోతే ప్రతివాడూ "సర్, వెలుతురు పోయింది", "సర్, నటుడికి జ్వరం" అంటూ సంజాయిషీలు మొదలుపెడతాడు. సినిమా తన మాట తనే చెప్పుకోవాలని ఆ నియమం. కానీ రెండు నిమిషాలకు సినిమా నోరు నొక్కేసి, తీసినవాళ్ల నోరు కూడా కట్టేస్తే ఇక హాల్లో మిగిలేది ఎవరి గొంతు? మాదే. ఈ చిన్న లెక్క నాకు పదిహేనేళ్లు తట్టలేదు. అంత తెలివిగలవాళ్లం మేము.

నా అంచనా తప్పేది కాదు

తట్టకపోవడానికి కారణం ఉంది. రిమోట్ చాలాసార్లు నిజమే చెప్పేది.

ఢిల్లీలో సివిల్స్ కోచింగులకు పేరుపడ్డ ముఖర్జీ నగర్ మీద ప్రతి ఏడూ నాలుగైదు సినిమాలు వచ్చేవి. అద్దె గది, గోడ మీద భారతదేశం మ్యాపు, గడియారం క్లోజప్, ఊరి నుంచి తండ్రి ఫోను, సివిల్స్ ఫలితాల్లో పేరు లేదు, వాన. తీసినవాళ్లు ముఖర్జీ నగర్లో దిగి ఒక టీ కూడా తాగి ఉండరు. రెండు నిమిషాలు ఎక్కువే అనిపించేది. ఒక ఏడు ఒక బీహారు కుర్రాడు అక్కడి ప్రైవేటు లైబ్రరీ తీశాడు. కుర్చీలు పూటల వారీగా అద్దెకిస్తారు. పొద్దుటి పూట కుర్చీవాడు, సాయంత్రం పూట కుర్చీవాడు ఎప్పుడూ ఎదురుపడరు. ఒకడు బల్ల మీద పెన్సిలుతో రాసిన ప్రశ్నకు రెండోవాడు జవాబు రాసి పోతుంటాడు. మొదటి నిమిషంలోనే నిటారుగా కూర్చున్నాను. మంచిదైతే వెంటనే తెలుస్తుంది అని అప్పుడు ఖాయం చేసుకున్నాను.

వారాంతపు కోర్సుకు గుర్గావ్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వచ్చేవాడు. హైదరాబాదువాడు. నా నెల జీతానికి రాని కెమెరా అతని దగ్గర ఉంది.

"ఎట్లుంది అంకుల్, డ్రోన్ షాట్?"

"నేను మీకు అంకుల్ని కాను. సార్ అనండి."

"సారీ సార్. ఎట్లుంది?"

"పైనుంచి మీ అపార్ట్‌మెంటు కనిపించింది. స్విమ్మింగ్ పూల్ కనిపించింది. కథ కనిపించలేదు."

హాలంతా నవ్వింది. అతనూ నవ్వాడు. అలా నవ్వించడం నాకు అలవాటైంది. నా క్రిటిక్ అంటే వేరే తరగతుల పిల్లలు కూడా వచ్చి మెట్ల మీద కూర్చునేవారు. సినిమా చూడటానికి కాదు, నా మాట వినడానికి. కొత్తవాళ్లకు ముందే చెబుతున్నాను: ఆ మెట్లు నిండిన రోజున మీరు పనికిరాకుండా పోయినట్టే.

షారోన్ సినిమా

డిప్లొమా చిత్రాల మొదటి కూర్పులు చూస్తున్న రోజు. షారోన్ వంతు వచ్చింది. గోదావరి జిల్లా నుంచి వచ్చిన తెలుగు క్రైస్తవ కుటుంబం పిల్ల. తల్లి ఒక ఆసుపత్రిలో నర్సు. మయూర్ విహార్‌లో ఉంటారు. తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. తక్కువ మాట్లాడుతుంది. ఆమె గురించి నాకు తెలిసింది అంతే.

సినిమా మొదలైంది. పేర్లు లేవు, సంగీతం లేదు. ఇరుకు వంటిల్లు. గుమ్మం దగ్గర కెమెరా కదలకుండా ఉంది. యాభై దాటిన ఒకామె స్టవ్ పక్కన నిలబడి, ఎడమ చేత్తో పళ్లెం పట్టుకుని అన్నం తింటోంది. పక్కనే ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె దాని వంక చూడదు. తింటుంది, నీళ్లు తాగుతుంది, మళ్లీ తింటుంది.

రెండు నిమిషాలకు రిమోట్ నొక్కాను.

నేనేమన్నానో ఉన్నదున్నట్టు రాస్తాను. అన్నది హిందీలోనే అయినా తెలుగులో కూడా దాని రుచి అదే.

"ఎవరీమె? బస్సు కోసం నిలబడ్డట్టుంది. పక్కన కుర్చీ పెట్టి, మనిషిని నిలబెట్టి అన్నం తినిపిస్తున్నావు. మరి కుర్చీ ఎందుకు, దానికి ఆకలి లేదనా? ఆమెకు నటన రాదు. నటిని ఎక్కడ ఉంచాలో నీకు రాదు. ఇళ్లలో మనుషులు ఇలా తినరమ్మా."

మెట్ల మీద వాళ్లు పగలబడి నవ్వారు. వెనక వరసలో పంకజ్ అనే విద్యార్థి చెయ్యెత్తి, "సర్, థోడా ఆగే దేఖ్ లేతే తో..." అన్నాడు. కాస్త ముందుకు చూద్దామని.

"ముందున్నది ఎంత బాగున్నా ఈ రెండు నిమిషాలను బతికించలేదు" అన్నాను. వాక్యం బాగా కుదిరిందనుకున్నాను.

షారోన్ నియమం ప్రకారం నోరు విప్పలేదు. నేను చెప్పిన మూడు సవరణలూ నోటుబుక్కులో రాసుకుంది. ఆమెను కూర్చోబెట్టు. నటిని మార్చు. నాలుగు నిమిషాలు తీసెయ్.

ఇళ్లలో మనుషులు ఇలా తినరన్నాను. ఏ ఇళ్లలో? మా ఇంట్లో. ఆర్.కె. పురం క్వార్టర్లో కూడా వెండి పువ్వుల పీట మీద నాన్న కూర్చుంటే గాని వడ్డన మొదలయ్యేది కాదు. మా లోగిలిలో నిలబడి తిన్నవి గుర్రాలే అని నాయనమ్మ గొప్పగా చెప్పేది. నాకు తెలిసిన లోకం అంతే. ఇంకొకటి చాలా తర్వాత తట్టింది. మా అమ్మ ఎప్పుడు తినేదో, ఎక్కడ తినేదో, కూర్చునో నిలబడో, నేను ఒక్కరోజు కూడా చూడలేదు.

మూడు వారాలకు షారోన్ కొత్త కూర్పు తెచ్చింది. ఏడు నిమిషాలు. మండీ హౌస్ నాటకాల నుంచి తెచ్చిన నటి, భోజనాల బల్ల, కిటికీలోంచి వెలుతురు, కింద సన్నగా పియానో. నటి కూర్చుని, ముద్ద నోటిదాకా తెచ్చి ఆపి, శూన్యంలోకి చూసింది. నేను రిమోట్ ముట్టుకోలేదు. ఫారంలో 'చెప్పుకోదగ్గ పరిణతి' అని రాశాను. ఆ ఏటి ఉత్తమ డిప్లొమా చిత్రం అదే. మల్హోత్రా నా భుజం తట్టి, "దేఖా? దో మినట్" అన్నాడు.

ఆదివారం ప్రదర్శన

డిప్లొమా చిత్రాలను కుటుంబాల కోసం ఒక ఆదివారం మధ్యాహ్నం చూపించారు. తెలుగు ఆరాధన ముగించుకుని చర్చి నుంచి నేరుగా పది పన్నెండు మంది వచ్చారు. ఇస్త్రీ చీరలు, బ్యాగుల్లో బైబిళ్లు. మా సంస్థలో అంతమంది తెలుగువాళ్లను ఒకచోట చూడటం నాకు అదే మొదలు. రెండు వరసలు ముందే పట్టుకుని కూర్చున్నారు.

షారోన్ సినిమా వేశారు. ఏడు నిమిషాలూ అయింది. చప్పట్లు మొదలయ్యాయి. ఆ చప్పట్లలో ఒకావిడ గట్టిగానే అడిగింది:

"ఏదీ, మన సువార్తక్క ఎప్పుడొస్తది?"

"అయిపోయిందంటండీ."

"అదేంటి? అక్క లేదు గదా!"

నాకు ఏమీ అర్థం కాలేదు. బయట వరండాలో ఒకామె నా దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టింది. ముఖం ఎక్కడో చూసినట్టుంది. చూసింది ఎక్కడో గుర్తొచ్చింది: నేను ఆపేసిన ఆ రెండు నిమిషాల్లో, స్టవ్ పక్కన.

"నేను సువార్తనండి, షారోన్ వాళ్ల మమ్మీని. మీరు తెలుగోరని చెప్పింది."

"మీ అమ్మాయి సినిమాకి బహుమతి వచ్చింది" అన్నాను.

"చానా సంతోషమండి. ముందు అందులో నేనుండేదాన్నండి. వంటింట్లో తింటా ఉంటాను. నేను నిలబడ్డం బాలేదన్నారంట గదండి."

"మిమ్మల్ని నటి అనుకున్నాను."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకు నటనేంటండి బాబూ! పన్నెండు గంటలు డ్యూటీ చేసొచ్చి కూకుంటే మళ్లీ లెగలేనండి. మోకాళ్లు పట్టేత్తాయి. అందుకని నిలబడే తినేసి, అలా ఎల్లి పడుకుంటాను. అందులో చెప్పేను గదండి. మా పిల్ల 'మమ్మీ, కూర్చో' అంటది, అప్పుడు చెప్తాను. మీరు ఇనలేదా?"

"వినలేదు" అన్నాను.

"పోన్లెండి. ఆ కూకున్నావిడ బానే చేసింది. మా చర్చివాళ్లే పాపం, నన్ను చూత్తామని వచ్చేరు."

షారోన్ వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. "మమ్మీ, చలో నా." నా ముఖం వంక చూడలేదు.

ఆ మాటలు అయిదో నిమిషంలో ఉన్నాయట. నేను అక్కడిదాకా వెళ్లలేదు. ఆ ఖాళీ కుర్చీయే సినిమా. దాన్ని నేను తప్పుగా లెక్కవేసి, అందరిచేతా నవ్వించాను. ఆ వరండాలో ఆమెను క్షమించమని ఒక్కమాట అడగలేదు. నోరు రాలేదు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎవరితోనూ అనగా నేను వినలేదు. ఇది సంజాయిషీ కాదు, జరిగింది చెబుతున్నాను.

ల్యాబ్, డీన్ గది

సోమవారం పొద్దున్నే ఎడిటింగ్ ల్యాబ్‌కు వెళ్లాను. మొదటి కూర్పు కావాలని ల్యాబ్ చూసే రావత్‌ను అడిగాను.

"సర్, వో డ్రైవ్ తో అగ్లే బ్యాచ్ కో దే దియా. ఫార్మాట్ హో గయా."

"తీసిన అసలు ఫుటేజ్?"

"వో భీ ఉసీ మే థా, సర్."

అన్నీ ఆ ఒక్క డ్రైవులోనే ఉన్నాయి. తుడిచేసి తర్వాతి బ్యాచ్ చేతికి ఇచ్చేశారు. అసలు ఫుటేజ్ బయటికి తీసుకుపోకూడదని సంస్థ నియమం. పిల్లలు దొంగచాటుగా కాపీ చేసుకుంటారు. షారోన్ చేసుకోలేదు. నియమాలు పాటించే పిల్ల. మౌన నియమం పాటించింది, ఈ నియమమూ పాటించింది. మా నియమాలు పాటించినందుకు ఆమెకు మిగిలింది ఇదీ.

డీన్ గదికి వెళ్లి జరిగింది చెప్పాను. ఏడు నిమిషాల సినిమాను సంస్థ పేరు మీద ఇంకెక్కడా చూపించవద్దన్నాను. రిమోట్ పద్ధతి ఆపేయాలన్నాను.

మల్హోత్రా ఆశ్చర్యంగా చూశాడు. "బహద్దూర్ సాబ్, అవార్డ్ మిలా హై. ప్రాబ్లమ్ క్యా హై?"

"అది ఆమె సినిమా కాదు. నాది. చెడ్డది కూడా."

"లడ్కీ నే కంప్లైంట్ కియా? నహీ నా?" ఫిర్యాదే లేదు, మీకెందుకీ తాపత్రయం అన్నట్టు చేతులు చాపాడు.

రిమోట్ ఆయన బల్ల మీద పెట్టాను. "ఠీక్ హై" అన్నాడు. ఆ మధ్యాహ్నమే దాన్ని ఇంకో అధ్యాపకుడికి ఇచ్చాడు. బహద్దూర్ గారికి వయసు మీదపడిందని స్టాఫ్ రూములో అనుకున్నారట. అనుకోనీ.

ఇక ఈ పనిలోకి వచ్చేవాళ్లకు

ఆ తర్వాత మిగిలిన ఏళ్లలో నేను ఏ సినిమానూ మధ్యలో ఆపలేదు. చెత్తవి కూడా చివరిదాకా చూశాను. ముందు చేతిలో కలం లేకుండా ఒకసారి. తర్వాత కలంతో ఇంకోసారి. నోరు తెరిచి మొదట ఏం కనిపించిందో చెప్పేవాణ్ణి, అభిప్రాయం కాదు. "ఒకామె నిలబడి తింటోంది. పక్కన కుర్చీ ఉంది. కూర్చోలేదు." ఇలా చెప్పడానికి ప్రయత్నించండి. సగం అభిప్రాయాలు దారిలోనే చచ్చిపోతాయి. 'ఇలా ఎవరూ చెయ్యరు' అనే మాట నాలుక మీదికొస్తే అక్కడే మింగేయండి. మీకు తెలిసిన ఎవరూ చెయ్యరు, అంతే. మీకు తెలిసినవాళ్లు ఎంతమంది?

పిల్లలను నవ్వించకండి. వాళ్లలో ఒకరు నవ్వరు. మీరు జీతం తీసుకుంటున్నది ఆ ఒక్కరి కోసం.

మీ సవరణ బాగా కుదిరి దానికి బహుమతి వస్తే మరీ భయపడండి. చెడ్డ సలహా వల్ల సినిమా చెడితే అందరికీ తెలుస్తుంది, తిరిగి బాగుచేసుకోవచ్చు. చెడ్డ సలహా వల్ల సినిమా నున్నగా తయారైతే ఎవరికీ తెలియదు. ఇలాంటి నున్నటి సినిమాలు నా చేతి మీదుగా ఎన్ని వెళ్లాయో నాకు తెలియదు. ఒకటి తెలిసింది, అదీ చర్చి నుంచి వచ్చినవాళ్లు గట్టిగా అడగబట్టి.

ఉద్యోగం చివరి ఏడాది షారోన్‌కు ఫోను చేశాను. నోయిడాలోనే ఒక వార్తా ఛానెల్లో ఎడిటర్‌గా ఉంది. వాళ్ల ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర కలిసింది. ముందు క్షమించమని అడిగాను. తెలుగులో అడిగాను. ముప్పై ఏళ్లు చిన్నదాని ముందు ఆ మాట అనడానికి నాకు ఎంత కష్టమైందో ఇక్కడ రాయను. ఆమెకు జరిగినదాని ముందు అది లెక్కలోకి రాదు.

"ఇట్స్ ఓకే, సర్" అంది, టీ గ్లాసులోకి చూస్తూ.

"అది మళ్లీ తీద్దామమ్మా. కెమెరా నేను తెస్తాను, లైట్లు నేను మోస్తాను. అదే వంటిల్లు, అదే చోటు. మీ అమ్మగారిని నేనే వచ్చి అడుగుతాను."

"నహీ హోగా, సర్." కుదరదంది.

"ఎందుకు?"

"మమ్మీ ఇప్పుడు అలా తినదు." ఆమె నాతో అన్ని తెలుగు మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. "ఆ సండే నుంచి కూర్చొనే తింటుంది. ఎంత టైర్డ్‌గా ఉన్నా. 'సార్ చూసి నవ్వారంట, మనుషులు అలా తినరంట' అంటుంది. తిన్నాక లేవలేకపోతుంది. నేను ఇంట్లో ఉంటే లేపుతాను. లేకపోతే వైసే హీ బైఠీ రహతీ హై."

అలాగే కూర్చుని ఉంటుందట, కూతురు వచ్చేదాకా.

"ఇప్పుడు నిలబెట్టి తీస్తే అది యాక్టింగ్ అవుతుంది సర్. ఆప్ హీ కాట్ దేంగే."

మీరే కోసేస్తారు అంది. ఎగతాళి చేసిందో, నిజంగానే అందో తెలియలేదు. షిఫ్టు టైమయిందని లిఫ్టు వైపు వెళ్లిపోయింది.

నేను పదవీ విరమణ చేసిన ఏడాది సంస్థ తన దగ్గరున్న విద్యార్థి చిత్రాలన్నిటినీ ఒక ఓటీటీ కంపెనీకి గంపగుత్తగా అమ్మేసింది. షారోన్ పేరు మీద అమ్ముడైంది ఆ ఏడు నిమిషాల సినిమా.